బీరువాలో వెలుతురు

పొద్దున్న ఏడూ పదికి వంటింటి కిటికీలోకి ఎండ వచ్చింది. ల్యాబమ్మ పొయ్యి మీది పాలు గబుక్కున దించేసి, స్నానాలగదిలోంచి నాలుగు కుండీలు, హాల్లోంచి ఐదు కుండీలు మోసుకొచ్చి కిటికీ గట్టు మీద ఇరికించి సర్దింది. ఎదురుగా తొమ్మిది అంతస్తుల భవనం ఉంది. దాని పక్కనుంచి సూర్యుడు ఈ కిటికీకి కనబడేది రెండు గంటలే. ఎనిమిదింటికి ఈ తొమ్మిదీ దించి ఇంకో తొమ్మిది ఎక్కించాలి. ఆ తర్వాత ఆమె బడికి పరుగెత్తాలి.

"మా డిపోలో కూడా ఇంత పకడ్బందీగా డ్యూటీలు వెయ్యరు," అన్నాడు డ్రైవరుగారు కాఫీ కోసం వచ్చి, నిలబడడానికి చోటు లేక గుమ్మంలోనే ఆగిపోయి. "ఇందులో ఎవరైనా సెలవు పెడితే ఏం చేస్తావు?"

"సెలవు పెట్టేలాగే ఉన్నాయండీ. చూడండి, ఆకులు ఎంత ముదురు ఆకుపచ్చగా అయిపోయాయో."

"ఆకుపచ్చగా ఉంటే మంచిదే కదా?"

"ఆర్కిడ్లకి కాదు. వెలుతురు చాలకపోతేనే ఆకులు ఇలా నల్లబడతాయి. నాలుగు నెలలైంది, ఒక్కటీ పూలకాడ వెయ్యలేదు."

ఆయన ఒక కుండీని వేలితో మెల్లగా తాకాడు. కాఫీ తాగేసి వెళ్ళిపోయాడు.

ఆమె ఒక బడిలో సైన్సు ల్యాబు అసిస్టెంటు. పిల్లలు "ల్యాబమ్మా, ల్యాబమ్మా" అని పిలిచీ పిలిచీ, చివరికి వీధిలోవాళ్ళకు కూడా ఆ పేరే అలవాటైపోయింది. భర్త సిటీ బస్సు నడుపుతాడు. ఇంట్లో ముప్పై ఒక్క ఆర్కిడ్లు ఉన్నాయి. అవన్నీ డ్రైవరుగారి మొదటి భార్యవి. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. ల్యాబమ్మ ఆయన్ని చేసుకుని ఎనిమిదేళ్ళు.

ఇదివరకు ఉన్న అద్దెఇంటికి ముందువైపు అద్దాల వసారా ఉండేది. మొక్కలు అక్కడ హాయిగా పెరిగేవి. ఇంటివాళ్ళు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటామనడంతో, నాలుగు నెలల క్రితం ఈ రెండో అంతస్తు వాటాలోకి మారారు. గదులు మూడున్నాయి గానీ, ఎండ వచ్చేది ఆ ఒక్క కిటికీలోనే.

అప్పటినుంచి ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. బడిలో పక్కన పడేసిన చేపల తొట్టె తెచ్చి, అడుగున తడి గులకరాళ్ళు పరిచి, చిన్న మొక్కల్ని అందులో పెట్టింది. చెప్పుల స్టాండు ఖాళీ చేసి ప్రతి అరకీ ఒక ట్యూబులైటు బిగించింది. దాంతో ఇంటిల్లిపాది చెప్పులూ మంచం కిందికి చేరాయి. కుండీల్లో కాక చెక్కముక్కలకు కట్టి పెంచే వాటిని తువ్వాళ్ళు ఆరేసే కడ్డీకి వేలాడదీసింది. రోజూ ఆకు మీద అరచెయ్యి అడ్డుపెట్టి నీడ చూసుకునేది. నీడ అంచు స్పష్టంగా పడితే మొక్కకు వెలుతురు చాలినట్టు. ఎక్కడ చూసినా మసకమసకగానే పడేది.

ఆ సమయంలోనే ఆమె దృష్టి బీరువా మీద పడింది.

అది పాత టేకు బీరువా. లోపల నాలుగు అరలు. మొదటి భార్యదే, ఆవిడ బట్టలతో సహా. చిన్న గదిలో, కూతురి మంచం పక్కన నిలబడి ఉంటుంది. ఆ అమ్మాయి వేరే ఊళ్ళో, ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియను. ఒక్కచోట కుదురుగా కూర్చోదని తల్లి ఆమెకు పిచ్చుక అని పేరు పెట్టింది. రెండు మూడు నెలలకోసారి వచ్చి రెండు రోజులుండి వెళుతుంది. ఇల్లు మారాక ఇంకా రాలేదు.

"అమ్మాయి గదిలో బీరువా ఉంది కదండీ, దాన్ని ఖాళీ చేసి మొక్కలకి వాడుకోనా?" అని అడిగింది ఒక పొద్దున్న.

"ఊఁ, నీ ఇష్టం," అన్నాడు ఆయన బూట్లు కట్టుకుంటూ. "నా టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టావు?"

పిచ్చుకకు కూడా ఫోన్ చేసి ఒకమాట అడగాలనిపించింది. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. వాళ్ళిద్దరి మధ్య ఫోన్ మాటలు ఎనిమిదేళ్ళుగా మూడే. "బాగున్నారా పిన్నీ?" "బాగున్నానమ్మా, నువ్వు?" "బాగున్నాను, నాన్నకి ఇస్తారా?" అంతే. ఆ మూడింటి తర్వాత నాలుగో మాటగా బీరువా సంగతి ఎలా ఎత్తాలో తెలియక ఫోన్ పక్కన పెట్టేసింది. మొక్కలు బతికితే తనే సంతోషిస్తుందిలే అనుకుంది.

రెండు ఆదివారాలు పట్టింది. బట్టలన్నీ తీసి, మడతలు చెదరకుండా పెట్టెలో పెట్టింది. తలుపులు ఊడదీసింది. లోపలి గోడలకు వంటింటి వెండిరేకు అంటించింది. ఒక్కో అర కింద రెండేసి ట్యూబులు బిగించి, గాలి ఆడడానికి పాత కంప్యూటర్లోంచి తీసిన బుల్లి ఫ్యాను ఒక మూల పెట్టింది. అరల్లో నీళ్ళపళ్ళేలు, వాటిలో గులకరాళ్ళు, పైన బెరడు ముక్కలు నింపిన కుండీలు. మీట నొక్కగానే చీకటి గదిలో బీరువా ఒక్కసారిగా వెలిగింది. తడిసిన మొక్కల వేళ్ళు పచ్చగా మెరిశాయి. ఆమె చెయ్యి అడ్డుపెట్టి చూసింది. నీడ కత్తిరించినట్టు పడింది.

డ్రైవరుగారు వెనక నిలబడి చాలాసేపు చూశాడు. "అచ్చం వసారాలో ఉన్నట్టే ఉంది," అన్నాడు గొంతు తగ్గించి. ఆయన చూస్తున్నది మొక్కలనో, వాటి వెనక ఇంకెవరినో ఆమెకు తెలుసు. నీళ్ళ మగ్గు తీసుకుని బయటికి వచ్చేసింది.

ఆ తర్వాతి శనివారం పొద్దున్న పిచ్చుక చెప్పాపెట్టకుండా దిగింది. డ్రైవరుగారికి ఆ రోజు సెలవు. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"ఓహో, ఏమిటీ హఠాత్తుగా!" అన్నాడు నురగ మొహంతోనే.

"రెండు రోజులు సెలవు దొరికింది నాన్నా. ఈ నెలంతా నడుములు విరిగిపోయాయి. బాగున్నారా పిన్నీ?"

"బాగున్నానమ్మా. కాఫీ పెడతాను, ముందు కూర్చో."

"ఒక్క నిమిషం. నా గది అదేనా? బ్యాగు లోపల పెట్టొస్తాను."

పిచ్చుక గదిలోకి వెళ్ళింది. ల్యాబమ్మ గిన్నె పొయ్యి మీద పెట్టి చెవి అటువేసింది. పిల్ల మురిసిపోతుందని, "ఎవరు చేశారిది?" అని అడుగుతుందని ఆమె ఆశ. గదిలోంచి ఏ చప్పుడూ లేదు. తర్వాత బ్యాగు కింద పడిన శబ్దం వినబడింది.

"ఇదేంటి?" అంది పిచ్చుక లోపలినుంచి. "ఇదేం చేశారు?"

ల్యాబమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఆ అమ్మాయి మొహం పాలిపోయి ఉంది.

"మొక్కలకి వెలుతురు చాలడం లేదమ్మా. అందుకని..."

"తలుపులేవి? బట్టలేవి?"

"తలుపులు మంచం వెనక ఉన్నాయి. బట్టలన్నీ పెట్టెలో జాగ్రత్తగానే..."

"ఎవర్ని అడిగి తీశారు?"

"మీ నాన్నని అడిగాను."

"నన్ను అడిగారా?" పిచ్చుక గొంతు పైకి లేచింది. "అది మా అమ్మ బీరువా. ఇల్లు మారింది, సరే అన్నాను. వసారా పోయింది, సరే అన్నాను. ఇదొక్కటే మిగిలింది. అసలు మీకు తెలుసా, నేను ఈ ఇంటికి ఎందుకొస్తానో?"

డ్రైవరుగారు సగం గీసిన గడ్డంతో పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా, పొద్దున్నే?"

"నాన్నా, నేను వచ్చినప్పుడల్లా తలుపేసుకుని ఏం చేస్తాననుకున్నారు? నిద్రపోతాననా? ఆ బీరువా తెరిచి తలకాయ అందులో పెట్టుకుని నిలబడేదాన్ని. అమ్మ వాసన వచ్చేది. తొమ్మిదేళ్ళయినా వచ్చేది. ఫోటోలో అమ్మ ఎంతసేపు చూసినా ఫోటోలాగే ఉంటుంది. అక్కడ మాత్రం అమ్మ ఉండేది." ఆమె వేలు బీరువా వైపు చూపించింది. "ఇప్పుడు చూడండి. తడి బెరడు వాసన. అంతే."

బీరువా మూల బుల్లి ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"నాకు తెలియదమ్మా," అంది ల్యాబమ్మ. "ఒట్టు. తెలిస్తే ముట్టుకునేదాన్నే కాదు."

"తెలియకపోవడమేంటి? మా అమ్మవి అన్నీ ఒక్కొక్కటిగా మీవైపోయాయి. వంటిల్లు, నాన్న, చివరికి ఈ మొక్కలు కూడా. వీధిలో అందరూ 'ల్యాబమ్మ ఆర్కిడ్లు' అంటున్నారట. నాన్నే చెప్పాడు ఫోన్లో, అదేదో గొప్పలాగా. ఇవి నేను తీసుకెళ్ళిపోతాను."

పిచ్చుక నిజంగానే పై అరలోంచి రెండు కుండీలు తీసి నేలమీద పెట్టింది. మూడోది తీస్తుంటే కుండీ బయటికి వేలాడుతున్న వేరు ఒకటి అర అంచుకు తగిలి పుటుక్కున విరిగింది.

"మెల్లగా!" అని అరిచింది ల్యాబమ్మ. ఎనిమిదేళ్ళలో ఆమె ఆ పిల్ల మీద గొంతెత్తడం అదే మొదటిసారి. అరిచిన తర్వాత ఆమె ఆగలేకపోయింది.

"తీసుకెళ్ళు. అన్నీ తీసుకెళ్ళు. హాస్టలు గదిలో ఎక్కడ పెడతావో పెట్టు. వారానికి ఎన్నిసార్లు తడపాలో నీకు తెలుసా? వేరు తెల్లగా ఉంటే తడపాలి, పచ్చగా ఉంటే ముట్టుకోకూడదు. ఆకుల మధ్యలో నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. ఇది ఎవరూ నేర్పలేదు నాకు. రెండు మొక్కలు చంపి నేర్చుకున్నాను. ఆ రెండూ చచ్చినరోజు నాకు అన్నం సహించలేదు. మొక్కలు పోయాయని కాదు. మీ ఇద్దరికీ ఎలా చెప్పాలా అని."

"మిమ్మల్నెవరు చెయ్యమన్నారు?"

"చెయ్యకపోతే ఏమనేవాళ్ళు?" ల్యాబమ్మ పమిటతో మొహం తుడుచుకుంది. "నాకు అసలు ఆర్కిడ్లంటే ఇష్టం లేదు, తెలుసా? ఇవాళ చెబుతున్నాను. నాకు బంతిపూలంటే ఇష్టం. కోసిన చేతికి రోజంతా ఆ ఘాటు వాసన ఉండాలి. గుమ్మం ముందు పిచ్చిగా పెరగాలి. ఈ ఇంట్లోకి వచ్చి ఎనిమిదేళ్ళయింది, నీకేం పువ్వు ఇష్టం అని ఒక్కరు అడగలేదు. ఒక్కరోజు కూడా అడగలేదు. కూర నచ్చిందా అని నేను అడగడమే గానీ, నీకేం కూర కావాలని నన్నెవరూ అడగలేదు. మీ అమ్మ చోటు నేను లాక్కున్నానంటున్నావు. నాకు చోటెక్కడుంది ఈ ఇంట్లో? ఉన్న ఒక్క ఎండ కిటికీ కూడా మీ అమ్మ మొక్కలకే ఇచ్చాను కదమ్మా!"

పిచ్చుక చేతిలో కుండీతో అలాగే నిలబడిపోయింది. డ్రైవరుగారు మంచం మీద కూలబడ్డాడు. చెంప మీద నురగ ఎండిపోయి పొట్టుగా రాలుతోంది.

"తప్పు నాది," అన్నాడు.

"మీరు ఊరుకోండి నాన్నా."

"ఊరుకునే ఇంతదాకా తెచ్చాను. చెప్పనీ." ఆయన మోకాళ్ళ వైపు చూస్తూ మాట్లాడాడు. "పెళ్ళికి ముందు ఒకసారి కలిశాం మేమిద్దరం. బస్టాండు పక్కన హోటల్లో. నాకు మాట్లాడడం చేతకాదు కదా. నీ గురించి అడగాలి. మా అమ్మాయి మొండిది, తల్లిమీద బెంగ పెట్టుకుంది, ఓపికగా చూసుకుంటావా అని. నోరు పెగల్లేదు. ఇంట్లో మొక్కలున్నాయి, నీళ్ళు చాలకపోయినా, ఎక్కువైనా తట్టుకోలేవు, చూసుకుంటావా అన్నాను. చూసుకుంటానంది. అంతే. ఇంకేమీ అడగలేదు. తనకేం కావాలో అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు. బస్సు ఎక్కినవాళ్ళని ఎక్కడ దిగుతారనైనా అడుగుతారు. నేను అదీ చెయ్యలేదు."

"నాకు అప్పుడే అర్థమైందండీ," అంది ల్యాబమ్మ. "మీరు అడిగింది మొక్కల గురించి కాదని."

ఆ మాట పిచ్చుకకు తగిలింది. ఆమె చేతిలోని కుండీ వైపు చూసింది. అందులో మొక్క పేరు రాసిన తెల్ల ప్లాస్టిక్ చీటీ గుచ్చి ఉంది. తల్లి చేతిరాత. పెన్సిలుతో రాసిన ఆ అక్షరాలు తొమ్మిదేళ్ళ తడికి ఎప్పుడో చెరిగిపోవలసింది. దగ్గరగా చూస్తే తెలిసింది. చెరిగిన గీత మీద ఎవరో సన్నటి నల్ల ఇంకుతో, ఆ వంకర కూడా తప్పకుండా, అచ్చం అలాగే మళ్ళీ రాశారు. వంగి పక్క కుండీ చూసింది. దానికీ అంతే. ఒక్కొక్కటే చూస్తూ పోయింది.

"ఇవి మీరు దిద్దారా?"

"ఏడాదికోసారి దిద్దాలి. లేకపోతే నీళ్ళకి పోతుంది," అంది ల్యాబమ్మ. "నా రాతలో రాస్తే బాగుండదనిపించింది."

పిచ్చుక కుండీ మెల్లగా అరలో పెట్టింది.

"బట్టల పెట్టె ఎక్కడుంది పిన్నీ?"

పెట్టె మంచం కిందనుంచి బయటికి వచ్చింది. తెరిస్తే లోపల ఒక్కో జతా ఒక్కో దళసరి ప్లాస్టిక్ సంచిలో ఉంది. గాలి తీసేసి, మూతి మడిచి, వేడి చేసి అతికించి ఉంది.

"ల్యాబులో మందులు చెమ్మ పట్టకుండా ఇలాగే సీలు చేస్తాం," అంది ల్యాబమ్మ కాస్త బెరుగ్గా. "ఈ గదిలో నీళ్ళపళ్ళేలు పెడుతున్నాను కదా, బట్టలు ముక్కిపోతాయని భయమేసింది. వాసన సంగతి నాకు తెలియదు. మడతల్లో ఉన్న ఎండుపూలు కూడా తియ్యలేదు. ఎలా ఉన్నవి అలాగే పెట్టాను."

పిచ్చుక ఒక సంచి చేతిలోకి తీసుకుంది. మూతి చింపబోయి ఆగింది. "పోయి ఉంటే?" అంది చిన్నపిల్లలా.

"చూడు," అంది ల్యాబమ్మ. "నేను బయటికి వెళతాను."

"వద్దు. ఉండండి."

చింపింది. మొహం అందులో దాచుకుంది. భుజాలు రెండూ ఒక్కసారి ఎగిసి, తర్వాత ఆగకుండా కదలడం మొదలుపెట్టాయి. డ్రైవరుగారు లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ల్యాబమ్మకు చెయ్యి వెయ్యాలో వద్దో తెలియలేదు. కాసేపు గాల్లో ఆగిన చెయ్యి చివరికి ఆ పిల్ల వీపు మీద వాలింది. పిచ్చుక దాన్ని తొయ్యలేదు.

"ఉంది," అంది చివరికి, ముక్కు ఎగబీలుస్తూ. "కొంచెమే. కానీ ఉంది." తల ఎత్తి మిగతా సంచుల వైపు చూసింది. "అవి తెరవను. అలాగే ఉండనీండి. బీరువా తెరిచినప్పుడల్లా ఎంత పోగొట్టానో ఏమో."

ఆ మధ్యాహ్నం ముగ్గురూ పళ్ళేల్లోకే చూస్తూ భోజనం చేశారు. కోపం చల్లారినా సిగ్గు మిగిలిపోయింది. తిన్న తర్వాత పిచ్చుక బీరువా ముందు చతికిలబడి, చెయ్యి అడ్డుపెట్టి నీడలు చూస్తూ కూర్చుంది. ల్యాబమ్మ నీళ్ళు పొయ్యడానికి వచ్చింది.

"పిన్నీ, కింది అరలో నీడ చూడండి. మసగ్గా ఉంది."

"అవును. అక్కడివన్నీ పొట్టి మొక్కలు. ట్యూబు పైన ఎక్కడో ఉంది."

"దూరం రెండింతలైతే వెలుతురు సగం కాదు, పావువంతు అవుతుంది. మా ఎక్స్‌రేలకీ ఇదే లెక్క. ట్యూబు దించలేం గానీ, మొక్కల్నే పైకి లేపుదాం. పాత పుస్తకాలేమైనా ఉన్నాయా?"

"పుస్తకాలు తడిసిపోవూ? బడినుంచి తెచ్చిన చెక్కదిమ్మలున్నాయి."

"ఇవ్వండి మరి."

సాయంత్రం దాకా ఇద్దరూ ఆ పనిలోనే ఉన్నారు. డ్రైవరుగారు మధ్యలో రెండుసార్లు టీ తెచ్చాడు. రెండోసారి పంచదార వెయ్యడం మర్చిపోయాడు. గుమ్మంలో నిలబడి, "నీకు టీలో పంచదార ఎంత?" అని భార్యను అడిగాడు. ఎనిమిదేళ్ళ తర్వాత అడిగిన ఆ ప్రశ్నకు ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఒకటిన్నర," అంది. ఆయన మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి, ఒకటిన్నర చెంచాలు కొలిచి తెచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం పిచ్చుక తిరుగు ప్రయాణం. మూడు మొక్కలు తీసుకెళతానంది. హాస్టలు గదిలో బల్లలైటు ఉందట, దాని కింద పెడుతుందట. ల్యాబమ్మ వాటిని అట్టపెట్టెలో కదలకుండా కాగితాలు కుక్కి సర్ది, తను కూడా బస్టాపు దాకా వచ్చింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో అట్టపెట్టె.

"వేరు తెల్లగా ఉంటే నీళ్ళు," అంది ల్యాబమ్మ.

"పచ్చగా ఉంటే ముట్టుకోకూడదు," అంది పిచ్చుక. "చచ్చిపోతే తిడతారా?"

"రెండు చంపినదాన్ని, నిన్ను తిట్టే అర్హత నాకెక్కడిది?"

పిచ్చుక నవ్వింది. తర్వాత చూపు రోడ్డు మీదికి తిప్పింది.

"పిన్నీ, మీ అమ్మగారు లేరు కదూ?"

"లేదమ్మా. నాకు పదకొండేళ్ళప్పుడు పోయింది."

"పదకొండా?" పిచ్చుక చప్పున ఇటు తిరిగింది. "మరి ఎప్పుడూ చెప్పలేదే?"

అంటూనే ఆమెకు జవాబు తెలిసింది. తల దించుకుంది. ల్యాబమ్మ ఆ ఇబ్బంది చూడనట్టు అట్టపెట్టె మూత సవరించింది.

"ఎలా ఉండేవారు?" అంది పిచ్చుక నెమ్మదిగా.

ఎవరైనా అడిగితే చెప్పాలని ముప్పై ఏళ్ళుగా దాచుకున్న మాటలు ల్యాబమ్మకు ఎన్నో ఉన్నాయి. తీరా అడిగేసరికి అన్నీ ఒకేసారి ముందుకొచ్చాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? జడనా, నవ్వునా, చివరి రోజులనా? అంతలో బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది.

"వెళ్ళమ్మా, తర్వాత చెబుతాను. ఫోన్లో చెబుతానులే."

పిచ్చుక లేవలేదు. ఆ బస్సు డ్రైవరు ఒకసారి హారను కొట్టి ఆమె వైపు చూశాడు. పిచ్చుక చెయ్యి ఊపి వెళ్ళిపొమ్మంది. తర్వాత మధ్యలో ఉన్న అట్టపెట్టెను తీసి కింద పెట్టి దగ్గరికి జరిగింది.

"ఇంకో బస్సు వస్తుంది. చెప్పండి."

"మా అమ్మ..." అంది ల్యాబమ్మ. కళ్ళనిండా నీళ్ళు. పెదాల మీద మాత్రం నవ్వు. "మా అమ్మ ఈల వేసేది."

"ఈలా? నిజంగా?"

"వంట చేస్తున్నంతసేపూ వేసేది. మా నాయనమ్మ తిట్టేది, ఆడదానివి ఈలలేమిటని. తిట్టినకొద్దీ ఇంకా గట్టిగా వేసేది. నేను బడినుంచి వస్తుంటే వీధి మలుపు దాకా వినపడేది. ఆ ఈల వినపడితే ఇంట్లో అమ్మ ఉన్నట్టు. చాలాకాలం ఆ మలుపు దగ్గరికొచ్చేసరికి నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి..."

పిచ్చుక ఆమె చెయ్యి పట్టుకుంది. ల్యాబమ్మ చెబుతూనే ఉంది. తర్వాత వచ్చిన బస్సు కూడా వాళ్ళ ముందు ఒక క్షణం ఆగి, వెళ్ళిపోయింది.